నాగరత్నం ఎసరు పెట్టిన ఆదివారం

రోడ్డు మీద నిలబడి మిరపకాయ బజ్జీ తినడంలో ఎంత సుఖం ఉందో నాగరత్నానికి యాభై ఎనిమిదేళ్లు వచ్చాక తెలిసింది. బండివాడు పేపరు ముక్కలో పెట్టిస్తాడు. నూనె మోచేతి దాకా కారుతుంది, ముక్కు కారుతుంది, కళ్లు కారతాయి. అయినా పక్కనున్నవాళ్లు తల తిప్పి చూడరు. రాజమండ్రిలో ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది అదే. ఎవరూ తల తిప్పి చూడరు.

పెద్దాపురంలో అలా కాదు. అక్కడ ఆవిడ కొట్టు బుల్లిబాబు గారి భార్య. మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. ఇంటికి రెండు తలుపులు. ఒకటి తీస్తే కొట్టు, రెండోది తీస్తే అత్తగారు. ఆ రెండు తలుపుల మధ్య ముప్ఫై ఆరేళ్లు కాపరం చేసింది. ఆవిడ ఇంట్లో చీపురు మారిస్తే ఆ సంగతి మరిడమ్మ గుడి దగ్గర చెప్పుకునేవారు. ఒకసారి గాజులకని బయల్దేరి దార్లో ఒక్క సోడా తాగింది. ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, కడుపులో గ్యాసు పట్టిందటగా?" అంది. గ్యాసు కన్నా ముందు కబురు ఇల్లు చేరింది.

ఆ అత్తగారు పోయింది. పోవడానికి కూడా తీరిగ్గా తొమ్మిదేళ్లు తీసుకుంది, అది వేరే సంగతి. అప్పటికి కొడుకు వినయ్ రాజమండ్రి దానవాయిపేటలో ఫ్లాటు కొన్నాడు. వాడూ, కోడలు ఇంద్రజా ఇద్దరూ ఉద్యోగాలే. "మీరిద్దరూ వచ్చెయ్యండి, మాకూ వేణ్ణీళ్లకి చన్నీళ్లు" అన్నారు. కొట్టుని సెల్‌ఫోన్లు అమ్ముకునే గణేష్‌బాబుకి రెండేళ్లకి లీజుకిచ్చి, సామాను లారీకెత్తారు.

వచ్చిన కొత్తలో నాగరత్నం భోజనానికి కూచుంటే చెవి కొట్టు వైపే ఉండేది. రెండో ముద్ద దగ్గర 'అమ్మగారూ, అరకేజీ చింతపండు' అని కేక వినపడాలి కదా మరి. వినపడలేదు. మూడో ముద్ద తింది. పప్పైంది, కూరైంది, చారైంది, పెరుగన్నం దాకా వచ్చింది. ఎవరూ లేపలేదు. ఆవేళ ఖాళీ కంచం ముందు కూచుని ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. పెళ్లయ్యాక ఒక్క దఫాలో అన్నం తినడం అదే మొదలు.

ఆ తర్వాత ఆవిడని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. కోడలు వాడి వదిలేసిన బూట్లు చీర కింద తొడుక్కుని పొద్దున్నే గోదావరి గట్టుకి నడక. సాయంత్రం బజ్జీల బండి. బస్సెక్కి ఎక్కడ దిగాలో తెలీక ఎక్కడో దిగి, అక్కడ ఒక రోజ్‌మిల్క్ తాగి ఇంకో బస్సులో రావడం. "తప్పిపోతారు అత్తయ్యా!" అని ఇంద్రజ భయపడితే, "తప్పిపోనీవే. ముప్ఫై ఆరేళ్లు ఎక్కడున్నానో ఊరందరికీ తెలిసే ఉంది, ఏం బావుకున్నాను?" అంది.

బుల్లిబాబు పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. అరవై నాలుగేళ్ల మనిషి, పొద్దున్న ఆరింటికి గల్లాపెట్టె ముందు కూచుంటే రాత్రి తొమ్మిదికి లేచే మనిషి. మాట్లాడితే గానీ తిన్నది అరగదు. ఫ్లాటులో ఎవరితో మాట్లాడతాడు? టీవీతో కొన్నాళ్లు పోట్లాడాడు. టీవీ తిరిగి అనదు కదా, విసుగొచ్చింది. ఓ రోజు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని కిందకి దిగి, లిఫ్టు పక్కన వేసుక్కూచున్నాడు. వచ్చేపోయేవాళ్లని పలకరించడం మొదలెట్టాడు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడక్కూడదు కాబట్టి, మర్యాదగా "దూరమాండీ?" అనేవాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు లిఫ్టులోకి పోతూ, "కాదంకుల్, నాలుగో ఫ్లోరే" అనేవారు.

దాంతో ఆగితే బావుణ్ణు. లిఫ్టు పక్కన వాచ్‌మన్ తాతాజీ బల్ల ఉంది. ఆన్‌లైన్లో తెప్పించుకున్న సరుకులన్నీ ఆ బల్ల మీద పెట్టి పోతారు. కంటి ముందు సరుకు పెట్టి ముట్టుకోవద్దంటే బుల్లిబాబు వల్ల అవుతుందా? ముందు సంచీ బయట నుంచి నొక్కి చూశాడు. తర్వాత మూతి విప్పి వాసన చూశాడు. వారం తిరక్కుండానే, "రెండో ఫ్లోరు డాక్టరమ్మ గారి కందిపప్పు పాలిష్‌దండి, నాలుగో ఫ్లోరువాళ్ల మినప్పప్పు మాత్రం పరవాలేదు" అని తాతాజీకి రిపోర్టివ్వడం మొదలైంది. ఎవరో ఒకరిద్దరు మొహం చిట్లించారు గానీ, పెద్దాయన కదాని ఊరుకున్నారు.

ఒక శుక్రవారం పొద్దున్న ఆటోలో పాతిక కేజీల బియ్యం బస్తా దిగింది. పేరూ ఊరూ లేని తెల్ల బస్తా. దాన్ని చూడగానే బుల్లిబాబు పైకొచ్చి, బీరువా అడుగున తువాల్లో చుట్టి పెట్టిన వస్తువొకటి తీశాడు. మూరెడు ఇనపగొట్టం, ఒక కొస మొన తేలి ఉంటుంది. బస్తాలోకి పొడిస్తే లోపలి గింజలు గొట్టంలోంచి జారి అరచేతిలో పడతాయి. కొట్లో ఉన్నన్నాళ్లూ అది ఆయన చేతికి ఆరో వేలు. పెద్దాపురం నుంచి దేవుడి పటాల కన్నా జాగ్రత్తగా తెచ్చుకున్నాడు.

"శెట్టిగారూ, ఆ బస్తా మనది కాదండి బాబూ!" అని తాతాజీ అరిచేలోపు కస్సున పొడిచేశాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. ఉమ్మేశాడు. లిఫ్టు కోసం నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు వినేలా, "రేషన్ బియ్యం కలిపేశారయ్యా! సగానికి సగం. ఎవడో అమాయకుడు మోసపోయాడు పాపం" అన్నాడు.

ఆ అమాయకుడు అయిదో ఫ్లోరు పల్లంరాజు గారు. అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి సెక్రటరీ. పాలకొల్లు వైపు వ్యవసాయం. ఆ బియ్యం ఎక్కడా కొన్నవి కావు, ఆయన సొంత చేలో పండి, ఆయన దగ్గరుండి మర పట్టించుకున్నవి.

మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపులో నోటీసు పడింది. ఇంద్రజ కాలేజీ నుంచి రాగానే అత్తగారికి చదివి వినిపించింది. రాజుగారికి ఎంత కోపమొస్తే అంత మర్యాద పెరుగుతుందని నోటీసు చూస్తేనే తెలుస్తోంది. "గౌరవనీయులైన ఫ్లాట్ ఓనర్లందరికీ నమస్కారమండి. ఈ రోజు ఉదయం మన మూడో అంతస్తు శెట్టిగారు తమ ఇనప ఆయుధంతో మా బస్తాకి చిల్లు పెట్టారండి. పెడితే పెట్టారండి. కానీ మా తండ్రిగారి నాటి చేలో పండిన ధాన్యాన్ని రేషన్ బియ్యం అన్నారండి. వారు గ్రూపులో క్షమాపణ చెప్పాలని, అంతవరకు లిఫ్టు వద్ద కూర్చోరాదని సవినయంగా మనవి చేస్తున్నామండి."

"క్షమాపణా? నేనా?" బుల్లిబాబు సోఫాలోంచి లేచాడు. "కల్తీ సరుకుని కల్తీ అన్నందుకు నేను క్షమాపణ చెప్పాలా? ఈ ఊళ్లో మనుషులు లేరే రత్నం, మొత్తం లిఫ్టులే. వెళ్లిపోదాం. గణేష్‌బాబు లీజు ఈ నెలాఖరుకి అయిపోతుంది. సోమవారం ఫోన్ చేసి కొట్టు ఖాళీ చెయ్యమంటాను. మళ్లీ తెరుద్దాం."

"నేను రానండి."

"రాకేం చేస్తావ్? నేనక్కడ, నువ్విక్కడా? కొట్లో కూచున్నవాడికి వెనకింట్లో మనిషి ఉండద్దూ?"

వెనకింట్లో మనిషి. నాగరత్నం వంటింట్లోకి వెళ్లింది. కూరగాయలు తరిగే కత్తి ఆవేళ కాస్త గట్టిగానే చప్పుడు చేసింది. ఆ రెండు తలుపులూ మళ్లీ కళ్ల ముందు కనపడ్డాయి. బజ్జీ పోతే పోయింది. ఒక్క దఫాలో అన్నం తినడం కూడా పోతుంది.

పైగా జరిగిందేమిటో ఆవిడకి అర్థమైపోయింది. ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు, బుల్లిబాబుతో సహా.

పెద్దాపురం బజార్లో బుల్లిబాబుకి ఒక పేరుండేది. బ్రోకర్లు మచ్చు తెస్తే గొట్టంతో పొడిచి, నమిలి, కళ్లు మూసుకుని, పైకప్పు వైపు చూసి, "రేపు రండి, చెప్తాను" అనేవాడు. మర్నాడు చెప్పేవాడు. ఇది పాతది, ఇది కొత్తది, ఇందులో నూక కలిసింది, ఇది తడిసి ఆరింది. ఒక్కసారి కూడా తప్పేది కాదు. మిల్లర్లు కూడా భయపడేవారు. అయితే ఆ ఒక్క రోజులో జరిగేదేంటంటే, గుప్పెడు బియ్యం వెనక తలుపులోంచి నాగరత్నం చేతికొచ్చేవి. ఆవిడ చిన్న గిన్నెలో వండి, వాసన చూసి, మెతుకు నలిపి, నోట్లో వేసుకుని, రాత్రి వడ్డిస్తూ చెప్పేది. "ఏవండీ, ఇవి కొత్తవి, ఆర్నెల్లు కూడా కాలేదు." ఆయన "ఊఁ" అనేవాడు. అయిదారేళ్లు గడిచేసరికి ఆ మాట ఎవరు చెప్పారో ఆయన మర్చిపోయాడు. మోసమేం కాదు. నిజంగానే మర్చిపోయాడు. తన నాలుకే చెప్తోందనుకున్నాడు.

రాజుగారి బస్తా దగ్గర మాత్రం రేపు చెప్తాననలేదు. జీవితంలో మొదటిసారి అక్కడికక్కడే చెప్పేశాడు.

శనివారం పొద్దున్న నాగరత్నం అయిదో ఫ్లోరుకి వెళ్లి బెల్లు కొట్టింది. తలుపు తీసింది రాజుగారి భార్య రామలక్ష్మి. లోపల రాజుగారు చిల్లుపడ్డ బస్తాని హాల్లో నడిమధ్యన, వచ్చినవాళ్లందరికీ కనపడేట్టు నిలబెట్టారు. చిల్లుకి ప్లాస్టర్ కూడా వేశారు.

"చూడండమ్మా, చూడండి. మీవారి పనే అండి ఇది" అన్నారాయన. "నా బట్టలు బాలేవనండి, పడతాను. నా మొహం బాలేదనండి, అదీ పడతాను. నా బియ్యాన్ని అలాగ అంటారాండి?"

"రాజుగారూ, నోటితో అన్నమాట నోటితోనే తేలాలండి. ఇందులోంచి రెండు గ్లాసులు నాకివ్వండి. రేపు ఆదివారం మా ఇంట్లో వండుతాను. మీరిద్దరూ భోజనానికి రండి. తప్పని తేలిందా, మావారు గ్రూపులో క్షమాపణ చెప్తారు. నిజమని తేలిందా, మీ నోటీసు మీరు వెనక్కి తీసుకోండి."

"ఆదివారమాండీ?" అని రాజుగారు నీళ్లు నమిలారు. శెట్టిగారింట్లో కోడి వండరని ఆయనకి తెలుసు.

"వస్తామండి, వస్తాం" అంది రామలక్ష్మి. గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. "ఈ సెక్రటరీ పనీ లేకపోతే నన్ను కాల్చుకు తింటారండి ఈయన. నిన్నట్నుంచి ఆ బస్తా పక్కనే కూచున్నారు. మనిషి పోయినట్టు ఉంది ఇల్లు."

బుల్లిబాబుకి సంగతి చెప్తే చంకలు గుద్దుకున్నాడు. "వండు! రాజుగారి నోటితోనే ఒప్పిస్తాను. సోమవారం సామాను సర్దుదాం, గెలిచి వెళ్దాం" అన్నాడు. గెలిచినా వెళ్లడమే, ఓడినా వెళ్లడమే. ఆయనకి ఎటుచూసినా పెద్దాపురమే కనపడుతోంది.

ఆదివారం పదింటికి నాగరత్నం బియ్యం కడిగింది. ఈ మధ్య రేషన్ బియ్యంలో బలానికని ఏవో గింజలు కలుపుతున్నారు, కడిగితే అవి పైకి తేలతాయి. ఇక్కడ ఒక్కటీ తేలలేదు. కుక్కరు పక్కన పెట్టి, గిన్నెలో ఎసరు పెట్టి, మరిగాక బియ్యం పోసింది. గంజి వాసన రాగానే ఆవిడకి తెలిసిపోయింది. శుభ్రమైన బియ్యం. ఏడాది దాటినవి, నీడలో ఆరినవి, నూకలేనివి. ఈయన రేషన్ బియ్యం ఎక్కడ చూశాడో ఆ మరిడమ్మ తల్లికే తెలియాలి.

ఇప్పుడేం చెయ్యాలి? నిజం చెప్తే ఈయన తల కొట్టేసినట్టై రేపే లారీ పిలుస్తాడు. అబద్ధం చెప్తే రాజుగారితో జన్మకి పగ, అప్పుడూ లారీయే. పోనీ అబద్ధమే చెప్దామన్నా, బియ్యం గురించి అబద్ధం ఆవిడ నోటికి రాదు. మిగతా విషయాల్లో కావలసినన్ని చెప్పగలదు.

పన్నెండున్నరకి రాజుగారు గంజిపెట్టిన తెల్ల చొక్కాలో, ఏదో పెళ్లికొచ్చినట్టు దిగారు. వినయ్ బ్యాంకు పనని కాకినాడ పోయాడు, అదృష్టవంతుడు. ఇంద్రజ కంచాలు పెట్టింది. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, మజ్జిగపులుసు. రాజుగారు పనసపొట్టు వైపు కాసేపు దిగులుగా చూసి, ఏదో ఊహించుకుంటూ కలుపుకున్నారు. రెండో ముద్దకి ఊహ అక్కర్లేకపోయింది. మారు వడ్డించుకున్నారు.

"చెప్పండి అమ్మగారూ" అన్నారు చివరికి. "మీ మాటే ఫైనలండి."

నాగరత్నం పప్పు గిన్నె సర్దుతూ, "బియ్యం బావున్నాయండి. ఆవేళ మావారు కళ్లజోడు పెట్టుకోలేదు" అంది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. బుల్లిబాబు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"కళ్లజోడుకీ బియ్యానికీ ఏంటే సంబంధం? నేను నమిలి చెప్పాను!"

"పోనీలెండి, ఆవేళ నోరు బాలేదేమో. జలుబు చేసింది కదా."

"నాకు జలుబెప్పుడు చేసింది? ముప్ఫై ఆరేళ్లు పెద్దాపురం బజార్లో నా నాలుక ఒక్కసారి తప్పలేదు! ఒక్కసారి! అడగండి రాజుగారూ, ఏ మిల్లరునైనా అడగండి. దీనికేం తెలుసండీ, వంటింట్లో ఉండే మనిషి, వండటం తప్ప!"

కోడలు తల దించుకుంది. రామలక్ష్మి మజ్జిగపులుసు వైపు చూసింది. నాగరత్నం పప్పు గిన్నె కింద పెట్టింది.

"ఆ నాలుక నాదండి."

"ఏంటీ?"

"పెద్దాపురంలో తప్పలేదన్నారే, ఆ నాలుక. మీరు నమిలేవారు. నమిలి, ఇంకో గుప్పెడు నాకిచ్చేవారు. నేను వండి చెప్తే మర్నాడు మీరు చెప్పేవారు. ముప్ఫై ఆరేళ్లలో బియ్యం గురించి మీరు సొంతంగా చెప్పింది ఈ శుక్రవారం ఒక్కటే. అదీ తప్పు."

రాజుగారు పాపం మంచి మనిషి. రెండ్రోజులుగా ఈ క్షణం కోసమే కాచుక్కూచున్నా, తీరా వచ్చేసరికి చూడలేకపోయారు. "కొంచెం... కొంచెం కలిసే ఉంటాయిలెండి మరలో" అన్నారు. రామలక్ష్మి ఆయన మోకాలి మీద ఒకటిచ్చుకుంది.

బుల్లిబాబు చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్లాడు. వచ్చినవాళ్లు తొందరగానే వెళ్లిపోయారు. నాగరత్నం కంచాలు తీసి, తుడిచి, ఇక అవతల పని లేక తనూ బాల్కనీలోకి వెళ్లింది.

ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. అలా చూస్తూనే అడిగాడు.

"అన్నీ నువ్వేనా?"

"అన్నీ కాదులెండి. పప్పులు మీరే చూసేవారు."

"నెయ్యి?"

"నెయ్యి నేనే."

"బెల్లం?"

నాగరత్నం కాసేపు ఆలోచించింది. "బెల్లం ఇద్దరం."

"ఊఁ" అన్నాడాయన. ఆ 'ఊఁ' పాత 'ఊఁ' లాగే ఉంది. "మరి అప్పుడెందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు. కొట్టు నడుస్తోంది కదాని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను. నేను పెద్దాపురం రానండి. నాకు ఇక్కడ అన్నం సయిస్తోంది. మీరు కొట్టు తెరుచుకుంటే తెరుచుకోండి. మచ్చు బియ్యం కవర్లో పెట్టి బస్సుకి పంపండి, వండి ఫోన్ చేస్తాను."

ఆయన నవ్వలేదు. కానీ ఆవిడ వైపు తిరిగి, కొత్తగా ఎవరో ఇంట్లోకి వచ్చినట్టు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. సోమవారం దాకా ఆగలేదు.

"ఏమయ్యా గణేష్‌బాబూ... ఆఁ, బావున్నాం. లీజు సంగతయ్యా. ఇంకో రెండేళ్లు ఉంటావా?... ఖాళీ చెయ్యమనట్లేదయ్యా బాబూ, ఉండమంటున్నాను... ఏం లేదు, మా ఆవిడకి ఇక్కడ నీళ్లు పడ్డాయి... నాకా? నా సంగతి నీకెందుకయ్యా, నువ్వు ఫోన్లమ్ముకో!" అని పెట్టేశాడు.

పెట్టేసి, కాస్త గొంతు పెంచి కోడల్ని పిలిచాడు. "అమ్మా ఇంద్రజా! ఆ గ్రూపులో రాయమ్మా. నేను చెప్తాను."

ఇంద్రజ ఫోన్ పట్టుకుని వచ్చి నిలబడింది.

"పల్లంరాజు గారికి నమస్కారం. తమ బియ్యం మంచివే. నేను అన్నది తప్పు. క్షమించగలరు. రాశావా? ఇక ఇది కూడా రాయి. అయితే మరలో పాలిష్ కొంచెం ఎక్కువ పట్టించారని, తౌడంతా పోయిందని, వచ్చే పంటకి నన్ను కూడా తీసుకెళ్తే దగ్గరుండి..."

ఇంద్రజ వేలు ఆపి అత్తగారి వైపు చూసింది.

"క్షమించగలరు దాకా పంపెయ్యవే" అంది నాగరత్నం.